గలదు

హోటల్ బోర్డు మీద 'ఏసీ గలదు' అని ఉంటే లోపల ఏసీ ఉన్నట్టే. 'భోజనం గలదు' అంటే కూర్చోగానే ఆకు వేస్తారు. రాసింది లేకపోతే లోపలికెళ్లి దబాయించవచ్చు కూడా. తెలుగులో ఇంత నిజాయితీ ఉన్న మాట ఇంకోటి లేదనుకుంటూ యాభై ఏళ్లు బతికేశాను. పోయిన నెల ఒక సెమినార్‌కి వెళ్లాక, ఇంకో రకం గలదు కూడా గలదని తెలిసింది. "ఈ పదార్థం సెన్సర్ల తయారీలోను, శక్తి నిల్వలోను, నీటి శుద్ధిలోను ఉపయోగపడగలదు." ఈ రెండో గలదుకి అర్థం లేదు. అంటే అర్థం లేకపోవడం కాదు, 'లేదు' అన్నదే దాని అర్థం.

మా అక్క కొడుకు పీహెచ్‌డీ చేస్తున్నాడు. "మామా, మా కాలేజీలో జాతీయ సెమినార్, నా పేపరు కూడా ఉంది, నువ్వు తప్పకుండా రావాలి" అన్నాడు. ప్రకాశం జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. పేరెందుకు లెండి, మీకు తెలిసిన ఏ కాలేజీ పేరు వేసుకున్నా అతుకుతుంది. గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. నానో పదార్థాలు, పలచని పొరలు అని అందులో ఒక మూల రాశారు. మిగతా చోటంతా ఫొటోలు. విషయం పేరు కంటే కరస్పాండెంట్ గారి మీసం పెద్దదిగా ఉంది.

నానోమీటర్ అంటే మీటరులో వంద కోట్లవ వంతు. తలవెంట్రుక మందం 80 వేల నుంచి లక్ష నానోమీటర్ల దాకా ఉంటుంది. ఈ వెంట్రుక సంగతి ఆ రోజు ముగ్గురు వక్తలు చెప్పారు. మూడో ఆయనకు బట్టతల. అయినా చెప్పాడు.

నానో అనే మాట మాకేం కొత్త కాదనుకోండి. కారు వచ్చింది, పోయింది. తర్వాత యూరియా వచ్చింది. అర లీటరు సీసా 45 కిలోల బస్తాకు సమానమన్నారు. మొదట వచ్చిన సీసాలో నత్రజని 4 శాతం, అంటే 20 గ్రాములు. బస్తాలో 46 శాతం, అంటే 20 కిలోల పైమాటే. మా రైతులకు నానో లెక్క తెలియకపోవచ్చు గాని వెయ్యి రెట్ల తేడా తెలుస్తుంది.

సరే, పేపర్లు. శక్తి మీద మాట్లాడిన ప్రతివాడూ చివర్లో ఒక ఫొటో చూపించాడు. చీకట్లో ఒక చిన్న ఎర్ర బల్బు. కరెంటును దాచుకునే సూపర్ కెపాసిటర్లు అని వాళ్లు చేసినవి రెండింటిని వరసగా కలిపి ఎల్ఈడీ వెలిగించారట. పది పేపర్లలో పది ఎర్ర బల్బులు. ఆకుపచ్చదో నీలందో ఎందుకు వెలగదని పక్కాయన్ను అడిగితే, ఎర్రదానికి తక్కువ వోల్టేజీ చాలు, రెండు వోల్టుల లోపే వెలుగుతుంది, నీలానికి మూడు దాకా కావాలి అన్నాడు. అది చెప్తుండగానే కరెంటు పోయింది. హాలులో ఇంత శక్తి నిల్వ నిపుణులుండగా, డీజిల్ జనరేటర్ ఆన్ చేయడానికి వాచ్‌మన్ పరుగెత్తాడు.

నీటి శుద్ధి వాళ్లకు మిథిలీన్ బ్లూ అంటే ప్రాణం. అదొక నీలి రంగు. బీకరులో నీళ్లు పోసి, రంగు కలిపి, తమ పొడి వేసి, దీపం కింద పెడతారు. కాసేపటికి రంగు విరిగిపోతుంది, చప్పట్లు. 1972లో జపాన్‌లో ఫుజిషిమా, హోండా అనే ఇద్దరు వెలుగు పడితే టైటానియం డయాక్సైడ్ నీటిని విడగొడుతుందని చూపించారు. గొప్ప పనే, ఈ పొడుల కథ అక్కణ్నుంచే. అయితే దానికి అతినీలలోహిత కిరణాలు కావాలి, ఎండలో అవి ఐదు శాతం కూడా ఉండవు. అందుకే ల్యాబ్‌లో దీపం. నా బాధ అది కాదు. నెల్లూరు నుంచి గిద్దలూరు దాకా ఎన్ని ఊళ్లలో నీళ్లు తాగానో నాకే లెక్క లేదు. ఉప్పగా తాగాను, చప్పగా తాగాను, బురదవి తాగాను. నీలంగా ఉన్నవి మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఇక ఆకుల బ్యాచ్. వేపాకు రసంతో వెండి నానో కణాలు, తులసాకు రసంతో వెండి నానో కణాలు, మునగాకుతో, జిల్లేడాకుతో, నిమ్మతొక్కతో. ఇదే ఊపు సాగితే మా పల్లెల్లో మేకలకు సర్కారు తుమ్మ తప్ప ఏమీ మిగలదు. తుమ్మ మీద కూడా ఒకమ్మాయి పోస్టరు పెట్టింది.

మావాడిది ఫ్లోరైడ్. నాకు గర్వంగానే అనిపించింది. మా ఊరు కనిగిరి పక్కన. ఫ్లోరైడ్ మాకు చుట్టంలాంటిది, పిలవకుండా వచ్చి ఎముకల్లో కాపురం పెడుతుంది. వాడు చేసిన ఆక్సైడ్ పొడి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను దాదాపు మొత్తం లాగేసిందని స్లైడులో గీత నిట్టనిలువుగా దిగింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటోలో ఆ పొడి అచ్చం గోబీపువ్వులాగా ఉంది. ఆఖరి స్లైడులో మన గలదు.

ఆ రాత్రి వాణ్ని ఊరికి తీసుకెళ్లాను. మా అక్క అన్నం పెడుతూ అడిగింది.

"ఇంతకీ ఏం చేశావురా?"

"నీళ్లలో ఫ్లోరైడ్ తీసేశానమ్మా."

"ఏ నీళ్లలో? మన బోరువా?"

"కాదమ్మా. ల్యాబ్‌లో తయారుచేసుకుంటాం. సోడియం ఫ్లోరైడ్ 221 మిల్లీగ్రాములు తూచి లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే, లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు వస్తాయి. కావలసినంత పలచన చేసుకుంటాం."

అక్క గరిటె గిన్నెలో పెట్టేసింది. "ఫ్లోరైడ్ కొన్నావా?"

"ఆ, డబ్బా."

"డబ్బులు పెట్టి?"

"ప్రాజెక్టు డబ్బులమ్మా."

"ఒరేయ్, కనిగిరిలో పుట్టి ఫ్లోరైడ్ నీళ్లకు కరువొచ్చి, మంచినీళ్లు కొని, అందులో ఫ్లోరైడ్ కొని కలిపి, మళ్లీ దాన్నే తీసేసి, తీసేశానని చెప్పుకుంటున్నావా? మీ తాత ఇదే పని చేసుంటే పిచ్చాసుపత్రికి పంపేవాళ్లం కదరా."

వాడు ఓపిగ్గా చెప్పాడు. అసలు బోరు నీళ్లలో బైకార్బనేట్లు, సిలికా, ఫాస్ఫేట్ లాంటివి దండిగా ఉంటాయి. అవి కూడా పొడి మీద చోటు కోసం ఎగబడతాయి. పైగా మన నీళ్లకు క్షార గుణం ఎక్కువ, పొడి బాగా పనిచేసేదేమో కాస్త ఆమ్లంగా ఉన్నప్పుడు. నేను నాకు తెలిసిన భాషలోకి మార్చుకున్నాను. ల్యాబ్ ఫ్లోరైడ్ డిపోలో ఖాళీ పల్లెవెలుగు ఎక్కి కిటికీ పక్క సీట్లో కూర్చుంటుంది. మా బోరు ఫ్లోరైడ్ సంత రోజు పొదిలిలో ఎక్కాలి.

"అంటే మన నీళ్లలో వేస్తే పనిచెయ్యదా?"

"రిజల్ట్ అంత బాగా రాదు మామా."

ఇంకా ఉంది. తీసిన తర్వాత ఆ పొడిని నీళ్లలోంచి తీయాలి. ల్యాబ్‌లో నిమిషానికి 10,000 చుట్లు తిరిగే సెంట్రిఫ్యూజ్ ఉంది. "మజ్జిగ కవ్వంలాగానా?" అంది అక్క. ఊళ్లో ఆ కవ్వం ఎవరు తిప్పాలి, ఫ్లోరైడ్ పట్టిన ఆ మడ్డిని ఎవరి దొడ్లో పోయాలి అన్నవి పేపరులో ఉండవు. ఆ ప్రశ్నలకు మార్కుల్లేవు. వాడి సంచిలో శాంపిళ్లన్నీ ప్లాస్టిక్ సీసాల్లోనే ఉన్నాయి. గాజు సీసాలో పోస్తే ఫ్లోరైడ్ గాజును పట్టుకుని లెక్క తప్పుతుందట. అది విని అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అంది, "గాజుకే పట్టేది ఎముకకు పట్టదా."

నానో అంటే నాకు కోపం లేదు. మద్రాసు ఐఐటీలో ప్రదీప్ గారి బృందం నానో స్థాయి ఇనుప పదార్థంతో ఆర్సెనిక్ తీసే ఫిల్టర్లు చేసి నిజంగా పల్లెల్లో పెట్టింది. ఆయనకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. అసలు పలచని పొర మా ఊళ్లోనే ఒకటుంది. ఆర్‌వో ప్లాంటు గొట్టంలో చుట్టి పెట్టే పొరే అది. పైన పాలీఅమైడ్ అనే ప్లాస్టిక్ పూత, మందం ఇంచుమించు 200 నానోమీటర్లు, అంతకన్నా తక్కువ కూడా. 1970ల్లో అమెరికాలో జాన్ కాడాట్ కనిపెట్టింది. ఉప్పును ఆపుతుంది, ఫ్లోరైడ్‌ను ఆపుతుంది. మా ఊళ్లో ఆ గది తలుపుకున్న తాళాన్ని మాత్రం ఆపలేదు. కఠిన జలానికి పొర మీద సున్నం పేరుకుంటుంది, దానికి మందు వేస్తుండాలి, కొన్నేళ్లకు పొర మార్చాలి. రిబ్బన్ కత్తిరించిన వాళ్లెవరూ మళ్లీ ఆ మొహాన రాలేదు. పనిచేసిన రోజుల్లోనూ వదిలేసిన నీళ్లు, దాదాపు సగం, పక్క కాలవలోకి పోయి మళ్లీ నేలలోకే ఇంకాయి. గోడ మీద నీలి పెయింటుతో 'ఇచ్చట శుద్ధ జలం గలదు' అని ఇప్పటికీ ఉంది. హోటల్ గలదుగా పుట్టింది, చూస్తుండగానే సెమినార్ గలదుగా మారిపోయింది.

భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా. వేరే నీళ్లు దొరకనప్పుడు అని ఎంత మర్యాదగా రాశారో చూడండి. మాకు దొరకడం లేదు. 1937లోనే షార్ట్ అనే డాక్టరూ ఆయన సహచరులూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్‌తో వచ్చే జబ్బు, ఉందని వైద్య పత్రికలో అచ్చు వేశారు. వాళ్లు చూసింది అప్పటి నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లావే. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. జిల్లా కన్నా జబ్బు 33 ఏళ్లు పెద్దది. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు, 18.8 కిలోమీటర్ల సొరంగం. కృష్ణా నది నీళ్లు రాగలవు అన్నారు. 2007లో కేంద్రం వెయ్యి కోట్లతో నానో మిషన్ పెట్టింది. కిలోమీటర్లలో తవ్వినా, నానోమీటర్లలో పూసినా చివర అదే క్రియ.

పిల్లల పళ్లు చూశారా మీరెప్పుడైనా, దగ్గరగా? పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే ఫ్లోరైడ్ పనైపోతుంది. బయటికొచ్చేసరికే గార. ఎన్నిసార్లు తోమినా పోదు. ఫొటో తీస్తుంటే మూతి బిగించుకునే తొమ్మిదేళ్ల పిల్లలున్నారు మా బడిలో. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. నలభై దాటకుండానే నడుము వంగని వాళ్లు, మంచం మీంచి లేవాలంటే ఇంకో మనిషి కావలసిన వాళ్లు ఉన్నారు. వీళ్లను అడ్డం పెట్టుకునే కదయ్యా ప్రతి పేపరు మొదటి పేరా రాస్తారు! 'లక్షలాది ప్రజలు ఫ్లోరైడ్ బారిన పడుతున్నారు' అని మొదట్లో మేం కావాలి. మధ్యలో డిస్టిల్డ్ వాటర్. చివర గలదు. మా నోళ్ల మీద మొదలుపెట్టి మీ ప్రమోషన్ల మీద ముగించడానికి సిగ్గుండాలి. కాలేజీ గేటు దాటితే చేతిపంపుంది. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, బిందె తీసుకుని రాలేదు.

మర్నాడు మావాడు బస్సెక్కేటప్పుడు అక్క రెండు లీటర్ల సీసాలో బోరు నీళ్లు నింపి వాడి సంచిలో పెట్టింది. "ఇందులో వేసి చూడు. రాకపోతే రాలేదని రాయి" అంది. వాడు సరేనన్నాడు. పాపం, మంచివాడే.

వారం తర్వాత ఫోన్ చేశాడు. సీసా మీద లేబుల్ లేదట. లేబుల్ లేనివి ల్యాబ్‌లో ఉంచకూడదని అటెండర్ పారబోశాడట.

స్పీకర్‌లో వింటున్న అక్క, "మొక్కలకన్నా పోశాడా?" అని అడిగింది.

"లేదమ్మా, సింకులో."