పెన్షన్ కేసులో అసలు సాక్షి సర్వీస్ రిజిస్టరే

పెన్షన్ ప్రభుత్వం దయతో ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు. ఈ మాట సుప్రీంకోర్టు 1971లోనే దేవకీనందన్ ప్రసాద్ కేసులో చెప్పింది. 1982 డిసెంబర్ 17న నకారా తీర్పులో మరింత గట్టిగా చెప్పింది. ఏటా ఆ తేదీనే పెన్షనర్ల దినోత్సవం జరుపుకుంటాం. ఇన్నేళ్లు గడిచినా రిటైరైనప్పుడు ఒకేసారి వచ్చే గ్రాట్యుటీ కోసం, వాడుకోని సెలవులకు డబ్బిచ్చే లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ కోసం రిటైరైనవాళ్లు హైకోర్టులో రిట్ పిటిషన్లు వేస్తూనే ఉన్నారు. చట్టం స్పష్టంగానే ఉంది. ఆలస్యం చేసినవాళ్లకు ఏ నష్టమూ లేకపోవడమే అసలు రోగం. దానికితోడు, ఈ కేసులు వాదించే మనలో చాలామంది పెద్ద తీర్పుల మీద పెట్టే శ్రద్ధ, ఉద్యోగి సర్వీసు వివరాలన్నీ రాసి ఉండే సర్వీస్ రిజిస్టర్ మీద పెట్టడం లేదు.

రిటైర్మెంట్ దగ్గరపడ్డాక చేతికొచ్చే చార్జ్ మెమో, అంటే అభియోగాల పత్రం సంగతే చూడండి. ఎప్పుడో జరిగిన లావాదేవీ మీద, సర్వీసు ఇంకో వారం ఉందనగా అభియోగాలు వస్తాయి. దాంతో గ్రాట్యుటీ ఆగిపోతుంది, తాత్కాలిక పెన్షన్‌తో సరిపెట్టుకోవాలి. ఇలాంటి కేసు రాగానే చాలామంది జితేంద్ర కుమార్ శ్రీవాస్తవ తీర్పు తీస్తారు. నిబంధన లేకుండా పెన్షన్, గ్రాట్యుటీ ఆపకూడదని, అవి రాజ్యాంగం 300ఎ అధికరణ కింద ఆస్తి అని 2013లో జార్ఖండ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. మంచి తీర్పే. కానీ అక్కడ ఆపడానికి నిబంధన లేదు, మనకు ఉంది. 1980 నాటి ఆంధ్రప్రదేశ్ రివైజ్డ్ పెన్షన్ రూల్స్‌లో 9వ రూలు, 52వ రూలు ఆ అధికారం ఇస్తున్నాయి. ఆ తీర్పు ఒక్కటే పట్టుకుని వాదిస్తే ప్రభుత్వ ప్లీడర్ 52వ రూలు చదివి కూర్చుంటారు.

గెలిచే దారి అదే 9వ రూలులో ఉంది. రిటైరయ్యాక కొత్తగా క్రమశిక్షణా చర్య మొదలుపెట్టాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలి. నాలుగేళ్లకు మించి పాతబడిన ఘటన మీద అది కుదరదు. ఉద్యోగిని అంతకుముందే సస్పెండ్ చేసి ఉంటే తప్ప, అభియోగాల పత్రం జారీ చేసిన తేదీని బట్టే చర్య ఎప్పుడు మొదలైందో లెక్క. అందుకే మెమో మీద ఉన్న తేదీ ఏమిటి, అది నిజంగా ఎప్పుడు బయటికి వచ్చింది, ఎవరు అందుకున్నారు, అక్నాలెడ్జ్‌మెంట్ ఉందా అన్నవి ముందు చూడాలి. పాత తేదీ వేసి, రిటైరయ్యాక పంపిన మెమో ఎంత బలంగా కనిపించినా, ఏ కాగితం ఎప్పుడు బయటికి వెళ్లిందో రాసే డిస్పాచ్ రిజిస్టర్ ముందు నిలవదు.

రెండో చిక్కు రికవరీ, అంటే ఎక్కువ ఇచ్చామంటూ జీతం సొమ్మును తిరిగి రాబట్టడం. పెన్షన్ ప్రతిపాదనలు ఆడిట్‌కు వెళ్లినప్పుడు ఇది బయటపడుతుంది. సర్వీస్ రిజిస్టర్‌లో ఒక పేజీ తెరిస్తే ప్రమోషన్ లేకుండా ఏళ్ల తరబడి ఒకే పోస్టులో ఉన్నవారికి పై స్కేలు ఇచ్చే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్ కింద స్కేలు ఇచ్చిన ఎంట్రీ ఉంటుంది, కింద జీతం బిల్లులు పెట్టే డ్రాయింగ్ అధికారి సంతకం, ముద్ర. ఆ తేదీకి డిపార్ట్‌మెంట్ టెస్ట్ పాస్ కాలేదు కాబట్టి స్కేలు చెల్లదని పదిహేనేళ్ల తర్వాత ఆడిట్ అంటుంది. ఆ ఎంట్రీ రాసింది ఆఫీసే, జీతం బిల్లు పెట్టిందీ ఆఫీసే. కోత మాత్రం ఆ ఉద్యోగి గ్రాట్యుటీలో.

రఫీక్ మసీహ్ తీర్పు (2014) ఇక్కడే పనికొస్తుంది. కింది స్థాయి క్లాస్ 3, క్లాస్ 4 ఉద్యోగుల నుంచి, రిటైరైనవారి నుంచి, ఏడాదిలోపు రిటైరయ్యేవారి నుంచి, అలాగే ఐదేళ్లకు మించి అదనంగా చెల్లించిన కేసుల్లో రికవరీ కూడదని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే క్లయింటుకు రెండు విషయాలు ముందే చెప్పాలి. ఒకటి, రికవరీ ఆగినా తప్పుగా ఇచ్చిన స్కేలు సక్రమం అయిపోదు. పెన్షన్‌ను సవరించిన జీతం మీదే లెక్కగట్టొచ్చు. రెండోది, అదనంగా వస్తే తిరిగి కడతానని రాసిచ్చిన హామీ. 2016లో జగ్‌దేవ్ సింగ్ కేసులో అలాంటి హామీని చూపే రికవరీని సమర్థించారు. పీఆర్సీ (వేతన సవరణ) వచ్చినప్పుడు ఆప్షన్ ఫారంతో పాటు చదవకుండా సంతకం చేసిన కాగితం ప్రభుత్వం వేసే కౌంటర్ అఫిడవిట్‌కు జతై వస్తుంది. అది ఉందో లేదో కేసు వేసే ముందే తెలుసుకోవాలి.

ఇక వడ్డీ. దీని మీద నాకు గట్టి పట్టింపే ఉంది. కేరళకు చెందిన పద్మనాభన్ నాయర్ కేసులో 1984లోనే సుప్రీంకోర్టు, అధికారుల తప్పు వల్ల ఆలస్యమైతే రిటైరైన రెండు నెలల తర్వాత నుంచి మార్కెట్ రేటు ప్రకారం వడ్డీ కట్టాల్సిందేనంది. అక్కడ ఆలస్యానికి కారణం ఒక లాస్ట్ పే సర్టిఫికెట్ (చివరి జీతం ధ్రువపత్రం)! కరోనా సమయంలో వాయిదా వేసిన జీతాలు, పెన్షన్ల మీద ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 12 శాతం వడ్డీ ఇవ్వమంటే, 2021లో సుప్రీంకోర్టు దాన్ని 6 శాతానికి తగ్గించింది. తగ్గించినా, వడ్డీ ఇవ్వాలన్న సూత్రం నిలిచింది. అలాంటప్పుడు ప్రతి పెన్షనరూ మళ్లీ కోర్టుకు వచ్చి అడగాల్సిన అవసరం ఏముంది? ఆలస్యమైన ప్రతి బిల్లులోనూ ట్రెజరీయే వడ్డీ లెక్కేసి ఇవ్వాలి, ఆ సొమ్మును బాధ్యుల నుంచి ప్రభుత్వం రాబట్టాలి. ఫైలు ఎవరి టేబుల్ మీద ఎన్నాళ్లుందో నోట్ ఫైలు చెబుతుంది, బాధ్యులెవరో తేల్చడం కష్టమేం కాదు.

ఉద్యోగుల సర్వీసు కేసులు చూసే అడ్మినిస్ట్రేటివ్ ట్రైబ్యునల్ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ రద్దయ్యాక ఈ కేసులన్నీ హైకోర్టుకే వస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ ఉత్తర కొసన ఇచ్ఛాపురంలో రిటైరైన అటెండర్ కూడా అమరావతి దాకా రావాల్సిందే. ఆ ఖర్చుకు, శ్రమకు భయపడి వినతిపత్రాలు ఇచ్చుకుంటూ ఏళ్లు గడిపేస్తారు. అది వాళ్లనే దెబ్బతీస్తుంది. 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం పెన్షన్ నష్టం నెలనెలా కొనసాగేదే అయినా, బకాయిలు మామూలుగా పిటిషన్‌కు ముందు మూడేళ్లకే దక్కుతాయి. వినతిపత్రం మీద వినతిపత్రం ఇచ్చినంత మాత్రాన గడువు పెరగదు.

అంత దూరం వచ్చినవాళ్లకు ‘పిటిషనర్ వినతిని పరిశీలించండి’ అన్న ఉత్తర్వు ఇప్పించి పంపడం అన్యాయం. తొందరగా వస్తుందని మనం అడుగుతాం, కేసు తెమిలిపోతుందని కోర్టు ఇస్తుంది. ఆఫీసు ‘పరిశీలించి’ తిరస్కరిస్తుంది, మళ్లీ కొత్త రిట్. రూలు ఏమిటో, మొత్తం ఎంతో తేలిన కేసుల్లో నేరుగా చెల్లింపు ఉత్తర్వే అడగాలి. ఎంత సొమ్ము, ఏ తేదీ నుంచి ఎంత శాతం వడ్డీ, ఎన్ని వారాల గడువు అన్నవి పిటిషన్‌లో కోర్టును కోరే భాగమైన ప్రార్థనలోనే రాయాలి. అలా రాయాలంటే సర్వీస్ రిజిస్టర్ కాపీ చేతిలో ఉండాలి, అది సర్వీసులో ఉండగానే తీసుకోవాలి. అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. ఇంక్రిమెంటు ఎంట్రీలో సంతకం లేకపోయినా, పుట్టినతేదీ దిద్ది ఉన్నా, పేరులో ఇంటిపేరు తేడాగా ఉన్నా, సరిచేయించుకోవాల్సింది ఆఫీసులో ఇంకా తన కుర్చీ ఉన్నప్పుడే.