సేవా గంటల కార్డు గారికి ఒక తండ్రి విన్నపం

మహారాజశ్రీ సేవా గంటల కార్డు గారి సముఖానికి,

తమరు క్షేమమని తలుస్తాను. క్షేమంగా కాక ఎలా ఉంటారు లెండి! బడివారు పెట్టిన సేవా గంటల లెక్క మోస్తూ, ఏడాది పొడుగునా మా అమ్మాయి పుస్తకాల సంచిలో, లెక్కల పుస్తకానికి కూడా దక్కని ప్లాస్టిక్ తొడుగులో, అంచు నలగకుండా ఊరేగారు. ఒకసారి వానలో తను నిలువునా తడిసి తుమ్ముకుంటూ ఇంటికి వచ్చింది గానీ, తమరి మీద ఒక్క చుక్క పడనివ్వలేదు.

నిన్నటి సంగతి తమకు వేరే చెప్పనక్కరలేదు. నా చొక్కా జేబులో కూర్చుని అంతా విన్నారు. బడి నుంచి వృద్ధాశ్రమానికి, వృద్ధాశ్రమం నుంచి బడికి, మళ్ళీ ఆశ్రమానికి, మళ్ళీ బడికి. నాలుగు సార్లు. ఎందుకోసం? అర చేతిలో ఇమిడిపోయే ఒక రబ్బరు ముద్ర కోసం.

తమరికి కావలసినవి ఇరవై గంటలు. ముద్ర పడినవి పద్దెనిమిదిన్నర. మిగిలిన గంటన్నర కూడా మా అమ్మాయి చేసింది. చేసినట్టు అక్కడి సిస్టర్ గారు సంతకం కూడా పెట్టారు. కానీ ముద్ర లేదు. ముద్ర బీరువాలో ఉంది. బీరువా తాళం చెవి మదర్ సుపీరియర్ గారి దగ్గర ఉంది. మదర్ గారు రిట్రీట్‌కు వెళ్ళారు, ధ్యానం కోసం మౌనంలో ఉన్నారు, ఫోను ఎత్తరు. సంతకం పెట్టిన సిస్టర్ గారు నా అవస్థ చూసి జాలిపడి, ఒక తెల్ల కాగితం మీద ఈ అమ్మాయి ఆ సాయంత్రం ఇక్కడే ఉంది, నా కళ్ళతో చూశాను అని రాసి ఇచ్చారు. జీవితాంతం నిజమే పలుకుతానని దేవుడి ముందు మాటపట్టు వేసుకున్న మనిషి చేతిరాత అది. బడి ఆఫీసులో ఆ కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసి, ముద్ర ఏదండీ అన్నారు.

ముద్ర ఒక్కటే అయితే ఇంత పెద్ద ఉత్తరం రాసేవాడిని కాను. తమరి ఒంటి మీద 'చేసిన పని' అని ఒక గడి ఉంది. వెనక వైపు, ఏయే పనులు సేవ కిందికి వస్తాయో పట్టిక ఉంది. శుభ్రత, తోటపని, వడ్డన, చదువు చెప్పడం, కుర్చీలు సర్దడం, అలంకరణ. చివర 'ఇతరములు', దానికి ముందస్తు అనుమతి కావాలి. మా అమ్మాయి ఆ గడిలో ఒకే మాట రాసింది.

కూర్చున్నాను.

దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి వెనక్కి పంపారు.

ఆ రోజు ఏం జరిగిందో తమరు చూడలేదు, సంచిలో ఉన్నారు. నేనూ చూడలేదు, గేటు బయట హారన్ కొడుతూ ఉన్నాను. తరవాత అది చెబితేనే తెలిసింది. అక్కడ చూపు దాదాపు పోయిన ఒక పెద్దావిడ ఉన్నారు. తలగడ కింద పాత ఉత్తరాల కట్ట ఉంటుంది, ఎప్పుడో చెల్లెలు రాసినవి. చదివి పెట్టమంటే మా అమ్మాయి చదివింది. మూడో ఉత్తరం సగంలో ఉండగా ఆవిడ దీని మణికట్టు పట్టుకుని అలాగే నిద్రపోయారు. చెయ్యి తీసుకుంటే మెలకువ వస్తుందేమోనని ఇది కదలకుండా కూర్చుంది. గంటన్నర. నేను మూడు సార్లు ఫోను చేశాను, ఎత్తలేదు. బయటికి వచ్చాక బాగా కేకలేశాను కూడా. అది మాట్లాడకుండా కారెక్కి, తిమ్మిరెక్కిన చెయ్యి దులుపుకుంటూ కూర్చుంది.

"కూర్చోవడం సేవ ఎలా అవుతుంది సార్?" అని అడిగారు సేవా కార్యక్రమాలు చూసే టీచరు. ఆవిడను అనుకుని లాభం లేదు. నాలుగు వందల కార్డులు బల్ల మీద పోసుకుని కూడికలు వేస్తున్నారు, పాపం. ఎదురుగా ఒక కుర్రాడి కార్డు తెరిచి ఉంది. ప్రిన్సిపాల్ గారి పండుగకు బెలూన్లు ఊదినందుకు నాలుగు గంటలు. ముద్ర దివ్యంగా పడింది, అలంకరణ పట్టికలో ఉంది మరి. బెలూన్లకు ఊపిరి పోస్తే నాలుగు గంటలు, ఊపిరి అందని మనిషి పక్కన కూర్చుంటే సున్నా. ఈ లెక్క తమరు ఏ బళ్ళో నేర్చుకున్నారు?

బడి అంటే గుర్తొచ్చింది. ఇంత చెప్పాక ఈ బడి మీదే నాకు కక్ష అనుకునేరు. లేదు. మిగతా వాటిని నేను నవ్వుతూనే భరిస్తున్నాను. 'విద్యార్థులందరూ స్వచ్ఛందంగా తప్పనిసరిగా పాల్గొనాలి' అనే సర్క్యులర్లకు అలవాటు పడ్డాను. లాటరీ టికెట్ల పుస్తకం పిల్లలకిచ్చి అమ్ముకు రమ్మంటే, మొత్తం నేనే కొని, బహుమతిగా నేనే ఇచ్చిన గోడ గడియారాన్ని నేనే గెలుచుకుని ఇంటికి తెచ్చుకున్నాను. నవంబరు 1న సకల పునీతుల పండుగకు పిల్లలను పునీతుల, అంటే సెయింట్ల, వేషాల్లో పంపమంటే పంపాను. తరగతిలో పదకొండు మందివి గులాబీలు పట్టుకునే పునీతురాలు చిన్న తెరేసమ్మ వేషాలే, ఆ గులాబీలు చాలక ఒకరి చేతిలో ప్లాస్టిక్ మందారం. బిషప్పు ఎదుటే ఒంటి మీది బట్టలు తండ్రికి తిరిగిచ్చేసి వెళ్ళిపోయిన అస్సీసి ఫ్రాన్సిస్ పేరు మీద ఒక హౌసు పెట్టి, ఆ హౌసు కప్పుల కోసం అద్దాల బీరువా చేయిస్తే, చందా కూడా ఇచ్చాను. పరీక్షల ముందు కూపర్తీనో జోసెఫ్‌కు ప్రార్థన చేయిస్తే ఆమెన్ అన్నాను. చదువు ఒంటబట్టని ఆ పునీతుడిని పరీక్షలో తనకు వచ్చిన ఒక్క ముక్కే అడిగారని చెబుతారు. మా అమ్మాయిని ఇంతవరకూ అలా ఎవరూ అడగలేదు.

అన్నీ ఓర్చుకున్నాను. కానీ ఆ గంటన్నర నా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఏటా ఉపవాస కాలం మొదలయ్యే విభూది బుధవారం పూజలో చదివే సువిశేషం, అంటే సువార్త భాగం, మత్తయి 6వ అధ్యాయంలోది. దానం చేస్తే కుడి చెయ్యి చేసేది ఎడమ చేతికి తెలియకూడదని అందులోనే ఉంది. ఈ ఏడాది ఆ పూజ ముగిసి, నుదుటి మీద విభూది రాలకముందే, 'సేవా గంటల వివరాలు ముద్రతో సహా సమర్పించండి' అన్న సర్క్యులర్ పిల్లల చేతిలో పెట్టారు. ఏ చేతిలో పెట్టారో అడగలేదు.

ఇంకా ఉంది. అదే మత్తయి 25వ అధ్యాయంలో కడపటి తీర్పు. ఆకలిగొన్నప్పుడు అన్నం పెట్టారు, జబ్బు పడితే చూడవచ్చారు, రండి అని కుడి వైపు వారిని పిలిస్తే వాళ్ళు ఏమన్నారు? ప్రభూ, మేము ఇవన్నీ ఎప్పుడు చేశాం అని బిత్తరపోయారు. ఒక్కరి దగ్గరా తేదీ లేదు, గంటలు లేవు, బాధ్యుల సంతకం లేదు. తమరు గనక ఆ రోజు ద్వారం దగ్గర ఉంటే అందరినీ వరసగా వెనక్కి పంపేవారు. ఎడమ వైపు వారూ అదే ప్రశ్న అడిగారు, కానీ వాళ్ళ ధోరణి చూస్తే జేబులో నిండు కార్డులు పెట్టుకునే అడిగారేమో అని నా అనుమానం. యేసు చెప్పిన కథలోని ఆ మంచి సమరయుడు? దెబ్బలు తిన్నవాడిని సత్రంలో చేర్చి, యజమాని చేతిలో రెండు దేనారాలు, అంటే వెండి నాణేలు, పెట్టి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. రసీదు అడిగినట్టు లూకా ఎక్కడా రాయలేదు.

నిన్న ఆఫీసు గది బయట నన్ను గంటసేపు నిలబెట్టారు కదా, సరిగ్గా నా తల పైన గోడకు ఫ్రెడరిక్ ఓజనాం బొమ్మ వేలాడుతోంది. 1833లో, ఇరవై ఏళ్ళ వయసులో, పారిస్‌లో చదువుకుంటూ, కొందరు స్నేహితులను వెంటబెట్టుకుని బీదవాళ్ళ ఇళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టినవాడు. పునీత విన్సెంట్ డి పాల్ సంఘం పుట్టింది అలాగే. ఆ కుర్రాళ్ళు ఏం చేసేవారు? ఇంటికి వెళ్ళేవారు, ఉన్నంతలో సాయం చేసేవారు, కాసేపు కూర్చుని మాట్లాడేవారు. కూర్చునేవారు! బొమ్మను గోడకు కొట్టి, బొమ్మలోని మనిషి చేసిన పనిని పట్టికలోంచి కొట్టేశారు. ఆయన కార్డును కూడా ఎర్ర సిరాతో తిప్పి పంపేవారా?

ఇంకొక సందేహం. మా కథోలిక శ్రీసభ చెప్పే కారుణ్య క్రియలు శారీరకమైనవి ఏడు, ఆధ్యాత్మికమైనవి ఏడు. మొదటి ఏడింటిలో రోగులను చూడవెళ్ళడం ఉంది. రెండో ఏడింటిలో దుఃఖంలో ఉన్నవారిని ఓదార్చడం ఉంది, తనకు జరిగిన అన్యాయాన్ని ఓర్పుతో సహించడం కూడా ఉంది. నిన్న మధ్యాహ్నం రెండు నుంచి ఆరు వరకు నేను చేసింది ఈ చివరిదే. నాలుగు గంటలు. దానికి ముద్ర ఎవరు వేస్తారు?

అసలు నువ్వు ఎవరు? గట్టిగా చూస్తే ఒక అట్ట ముక్క. ఎవరి మనసులో ఏముందో నీకేం తెలుసు? ఏడాది చివరి వారంలో రెండు రంగుల పెన్నులతో, ముగ్గురు పిన్నమ్మల సంతకాలతో, ఒక్క రాత్రిలో ఇరవై గంటలు పుట్టించుకున్న పిల్లలు ఈ బళ్ళోనే ఉన్నారు. వాళ్ళ దగ్గర నోరు మెదపవు. నిజంగా కూర్చున్న దాన్ని పట్టుకుని ఎర్ర సున్నా చుడతావు. నిన్ను చూసి పిల్లలు నేర్చుకుంటున్నది ఏమిటో తెలుసా? ముసలావిడ మంచం పక్కన కూర్చుని గోడ గడియారం వైపు చూడటం!

క్షమించాలి. నోరు జారింది. తమరితో వాదించేవాడి చేతులు శుభ్రంగా ఉండాలి, నావి అంత శుభ్రంగా లేవు. పోయినేడు మా ఇంటి అటక దులిపిన రెండు గంటలను 'శుభ్రత' కింద రాసి, 'బాధ్యులు' అన్న చోట నేనే సంతకం చేసిన మాట వాస్తవం. ఆ సంతకం మీద తమరి దగ్గర ఏ అభ్యంతరమూ రాలేదు. గురువు ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఆ సంగతి ఎత్తకుండా దాటేస్తూ వస్తున్నాను. ఈసారి కూడా అదే దారి చెప్పాను అమ్మాయికి. 'కూర్చున్నాను' కొట్టేసి 'చదువు చెప్పడం' అని రాయి, ఉత్తరాలు చదివావు కదా అన్నాను. అది నా వైపు ఒక చూపు చూసింది. అమ్మమ్మకు చదువు చెప్పానని ఎలా రాస్తాను నాన్నా అంది.

అమ్మమ్మ. ఆ మాట ఎప్పటి నుంచి మొదలైందో నాకు తెలియదు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి, ఇష్టం లేకపోయినా. తమరే లేకపోతే మా అమ్మాయి ఆ గడప తొక్కేది కాదు. మొదటి శనివారం ఏడుపు మొహంతోనే వెళ్ళింది. రెండో శనివారం, ఇంకా ఎన్ని గంటలు మిగిలాయి అని దారంతా లెక్కపెట్టుకుంటూ వెళ్ళింది. ఆ లెక్క ఎప్పుడు మానేసిందో తమరికీ తెలియదు, నాకూ తెలియదు. నేనూ అంతే, ఆ ఆశ్రమం ముందు నుంచి పదేళ్ళుగా కారు నడుపుతున్నాను, నిన్ననే మొదటిసారి లోపలికి వెళ్ళాను. అదీ తమరి ముద్ర కోసం. సిస్టర్ గారు కాగితం రాసి తెచ్చే లోపు ఆ పెద్దావిడ గదిలో కూర్చోమన్నారు. నా అడుగుల చప్పుడు విని, "హారన్ నువ్వేనా నాయనా కొట్టింది?" అని అడిగారు. అంటే ఆ రోజు ఆవిడ అంత గాఢంగా ఏమీ నిద్రపోలేదన్నమాట. ఈ సంగతి అమ్మాయికి ఇంకా చెప్పలేదు. చెప్పాలో లేదో కూడా తేల్చుకోలేదు.

వచ్చే శనివారం కూడా వెళుతుందట. కార్డు తీసుకువెళ్ళవా అని అడిగితే, నాలుగో ఉత్తరం దగ్గర గుర్తుగా అక్కడే పెట్టి వస్తాను, ముందు ఆఫీసు వాళ్ళతో నీ పని ముగించుకో అంది.

కనుక సోమవారం ఉదయం మళ్ళీ దర్శనం చేసుకుంటాను. మదర్ గారి రిట్రీట్ ఆదివారంతో ముగుస్తుంది, తాళం చెవి వస్తుంది, బీరువా తెరుచుకుంటుంది. 'చేసిన పని' గడిలో మాత్రం ఒక్క అక్షరం మార్చేది లేదు. ఆ గంటన్నర నాకు కావాలి.

ఇట్లు,
తమరి ముద్రాభిలాషి,
తొమ్మిదో తరగతి అమ్మాయి తండ్రి