తెరిచిన తలుపు గారికి

తెరిచిన తలుపు గారికి వందనాలు.

ఇన్నాళ్లూ మీ పేరు వాడుకున్నందుకు ముందుగా క్షమించాలి. ఉద్యోగం మారినప్పుడు అందరితోనూ "దేవుడు తలుపు తెరిచాడు" అన్నాను. నిజానికి భుజంతో నెట్టింది నేనే. తెలిసినవాళ్లకు ఫోన్లు చేశాను, రెజ్యూమేలో రెండు గొప్పలు కలిపాను. దేవుడు చేసిన మేలు గురించి చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు ఆ ముక్క కట్ చేశాను.

నచ్చని ఇంటర్వ్యూకి బయల్దేరితే బండి పంక్చరైంది. దేవుడు తలుపు మూశాడన్నాను. నచ్చినదానికి వెళ్లే రోజూ అదే టైరు, అదే పంక్చరు. ఈసారి సాతాను అడ్డుపడుతున్నాడన్నాను. టైరుకి ఈ తేడా తెలీదు పాపం.

బైబిల్లో యోనా ప్రవక్త కూడా మిమ్మల్ని నమ్మినవాడే. దేవుడు నీనెవె పట్టణానికి వెళ్లమంటే, తప్పించుకుని యొప్పే రేవుకి దిగాడు. తర్షీషు వెళ్లే ఓడ సిద్ధంగా దొరికింది. కేవుకు, అంటే ఓడ ఛార్జీకి, డబ్బుంది. తుఫానులోనూ గాఢంగా నిద్రపట్టింది. అవకాశం, సమకూర్పు, మనశ్శాంతి! నా లెక్కలో ఇంతకు మించిన దేవుని నడిపింపు లేదు. ఆ నడిపింపు తిన్నగా చేప కడుపులోకి తీసుకెళ్లింది. 3 రోజులు అక్కడ ఏ తలుపూ లేదు. ప్రార్థన మాత్రం బాగా కుదిరింది.

ఇక అపొస్తలుడైన పౌలు మీకు చేసిన అవమానం. ఆసియాలో వాక్యం చెప్పొద్దని పరిశుద్ధాత్మ ఆపింది. బితూనియకూ వెళ్లనివ్వలేదు. మాసిదోనియకు రమ్మని దర్శనం వస్తే వెళ్లాడు. ఫిలిప్పీలో దొరికింది బెత్తం దెబ్బలు, చెరసాల, కాళ్లకు బొండ అనే కొయ్య సంకెల. నేనైతే ఆ దర్శనం అజీర్తి వల్ల వచ్చిందని అక్కడే తేల్చేసేవాణ్ణి. అర్ధరాత్రి భూకంపానికి చెరసాల తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. మీరు అంత ఘనంగా తెరుచుకున్నా ఆయన కదల్లేదు! ఖైదీలు పారిపోయారనుకుని కత్తి దూసి చావబోతున్న చెరసాల అధికారితో "మేమందరం ఇక్కడే ఉన్నాం" అని కేక వేశాడు. నేనైతే తెల్లారేసరికి పక్క ఊళ్లో సాక్ష్యం చెబుతుండేవాణ్ణి. ఆ అధికారి ఏమయ్యాడో కూడా అడిగేవాణ్ణి కాదు.

అసలు సంగతికొస్తాను. కొన్నాళ్లుగా ప్రార్థనలో కూర్చుంటే చాలు, మా అన్నయ్య గుర్తొస్తున్నాడు. మూడేళ్లుగా మాటల్లేవు. వెళ్లి కలువు అన్నట్టే ఉంటుంది. ఉద్యోగానికి ఒక్క సూచన చాలింది గానీ, దీనికి మాత్రం బైబిల్లోని గిద్యోనులా గొర్రెబొచ్చు పరిచి దేవుణ్ణి సూచన అడిగాను. ఆయన రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. నేను అయిదోసారిలో ఉన్నాను. మా ఇద్దరి మధ్యలో ఉన్నది మీరు కాదు, మీ తోబుట్టువు, మూసిన తలుపు గారు. గడియ నా వైపే ఉంది.

నిన్న రాత్రి అన్నయ్యే ఫోన్ చేశాడు. ఎత్తలేదు. సూచన ఇంకా స్పష్టంగా రావాలి కదా.

ఇట్లు,
గడియ మీద చెయ్యేసి ప్రార్థిస్తున్న
మీ భక్తుడు