సవరణ: ఫేజ్‌లను కనిపెట్టింది హాంకిన్ కాదు

బాక్టీరియాను చంపే వైరస్‌లు, అంటే ఫేజ్‌ల గురించి మొన్న రాసిన పోస్టులో వాటిని 1896లోనే హాంకిన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కనిపెట్టాడని రాసేశాను. తప్పు నాదే, క్షమించండి. ఆయన చూసింది గంగ, యమున నీళ్లలో కలరా క్రిములు చచ్చిపోవడం, మరిగిస్తే ఆ నీటికి ఆ గుణం పోవడం. అంతవరకే, వైరస్ అన్న మాట ఆయన అనలేదు.

1915లో ట్వార్ట్ అనే మరో బ్రిటిష్ శాస్త్రవేత్త ఇలాంటిదే, అంటే బాక్టీరియా చచ్చిపోవడం గమనించాడు. ఫేజ్ అని పేరు పెట్టింది మాత్రం 1917లో పారిస్ పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన డెరెల్ అనే శాస్త్రవేత్త. రక్త విరేచనాల రోగుల మలాన్ని బాక్టీరియా దాటలేనంత సన్నటి ఫిల్టర్‌లో వడగట్టి, ఆ నీటిని ఆ విరేచనాలు తెచ్చే షిగెల్లా అనే క్రిములతో కలిపి పళ్లెంలో పెంచితే, మసకగా పరుచుకున్న పొరలో అక్కడక్కడా గుండ్రటి తేట మచ్చలు కనిపించాయి. ఒక్కో మచ్చా ఒక ఫేజ్ వేలకు వేలుగా పెరిగి చుట్టూ ఉన్న క్రిములను పగలగొట్టిన చోటు! నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే సంగతి ఇది.

ఇంకోటి, ఇదే ముఖ్యం. గంగ నీళ్లు తాగితే కడుపు జబ్బులు తగ్గుతాయనే అర్థం వచ్చేలా రాశాను, దయచేసి ఆ పని చేయకండి. ఒక ఫేజ్ మామూలుగా ఒక జాతి క్రిమినే, అందులోనూ కొన్ని రకాలనే పట్టుకుంటుంది, పైగా ఫేజ్‌లు ఉన్నచోట క్రిములూ ఉంటాయి, అందుకే శాస్త్రవేత్తలు వాటిని మురుగునీళ్లలో వెతుకుతారు. విరేచనాలు పట్టుకుంటే ముందు ఓఆర్ఎస్ తాగించండి, తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.