ఫియట్ వచ్చింది, కాగితాలు రాలేదు

గుంటూరులో మా మిత్రుడొకాయన గతేడాది కోయంబత్తూరు నుంచి 1979 నాటి ప్రీమియర్ పద్మిని తెచ్చుకున్నాడు. మనవాళ్లు ఇప్పటికీ ఫియట్ అనే పిలుస్తారు. లారీ మీద బండి రెండు రోజుల్లో దిగింది. కాగితాలు మాత్రం ఇంకా దారిలోనే ఉన్నాయి.

ఇందులో ఆయన తప్పు కూడా ఉంది. మెరిసే బంపరు, స్టీరింగ్ పక్కన గేరు చూసి మురిసిపోయాడే గానీ సీ బుక్ పేజీలు తిరగేయలేదు. ఎప్పుడో మూతపడిన ఫైనాన్స్ కంపెనీ పేరిట హైపోతికేషన్, అంటే బండి మీద అప్పుందన్న నమోదు, అందులో అలాగే ఉంది. అది కొట్టేయాలంటే ఫారం 35 మీద అప్పిచ్చినవాళ్లు సంతకం పెట్టాలి. పెట్టే మనిషేడీ?

వేరే రాష్ట్రం బండి మన దగ్గర 12 నెలలు దాటి ఉంటే, మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడి నెంబరు తీసుకోవాలి. విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్, పెయింటింగ్ అయ్యేసరికే ఆ 12 నెలలు గడిచిపోతాయి, అది వేరే కథ. నెంబరుకు ముందు పాత ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, రావాలి. 30 రోజుల్లో ఇవ్వక, కాదని కూడా చెప్పకపోతే ఇచ్చినట్టే లెక్క అంటుంది 48వ సెక్షన్. ఆ మాట పట్టుకుని కౌంటరు దగ్గరికెళ్తే నవ్వుతారు. కంప్యూటర్లో కనిపించాలి కదా! చేతిరాత రిజిస్టర్ల కాలం నాటి బండి వాహన్ అనే ప్రభుత్వ కంప్యూటర్ రిజిస్టరులోకి ఎక్కకపోతే, ముందు పాత ఆఫీసులోనే బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే పాత వివరాల నమోదు, చేయించాలి. అందుకే సీ బుక్ గడువు, అప్పు, చాసిస్ నెంబరు మీద కాగితం పెట్టి రుద్ది తీసిన పెన్సిల్ ముద్ర, ఎన్‌వోసీ అన్నీ తేలాకే చివరి పైకం ఇవ్వమని నా సలహా. బండి మన గుమ్మంలోకి వచ్చాక అమ్మినాయన ఫోన్ ఎత్తడం తగ్గిస్తాడు.

ఇవన్నీ ఓపికతో దాటొచ్చు. నా అసలు పేచీ చట్టంతోనే.

2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. మంచి పనే. 50 ఏళ్లు దాటిన బండికి పాత నెంబరే ఉంచుకోవచ్చు. కొత్తగా రిజిస్టర్ చేయిస్తే నెంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, ఫీజు 20,000 రూపాయలు. కానీ జనం నిజంగా కొంటున్నవి ఏవి? ఎనభైల నాటి పద్మినీలు, 1984లో మొదలైన కాంటెస్సాలు, 1983 డిసెంబరులో వచ్చిన తొలి మారుతీ 800లు. వీటికి 50 నిండలేదు కాబట్టి చట్టం దృష్టిలో ఇవి 15 ఏళ్లు దాటిన ముసలి బండ్లు, అంతే. ఆదివారం ఒక్కపూట బయటికొచ్చే కాంటెస్సాకూ, రోజూ పొగ కక్కుతూ తిరిగే పాత డీజిల్ బండికీ ఒకే దారి. జర్మనీలో 30 ఏళ్లు దాటి, అసలు రూపు చెడని కారుకు చివర హెచ్ అక్షరంతో నెంబరు ఇస్తారు. మనకు అలాంటి మధ్యమెట్టు లేదు.

పోనీ 50 దాటినవాటికైనా హాయా అంటే, అక్కడా ఒక ముడి ఉంది. చాసిస్, బాడీ, ఇంజిన్ మారకూడదు. మన జిల్లాల్లో పెట్రోలు అంబాసిడర్లు ఎన్నింటికో కాలం కలిసొచ్చినప్పుడల్లా ఇంజిన్ పీకి డీజిల్‌ది బిగించారు. కిరాయికి తిరిగిన బండికి అది బతుకుతెరువు. ఇప్పుడు అదే దాని అర్హతకు అడ్డం.

అధికారుల భయం నేను కొట్టిపారేయను. దొంగ బండికి పాత చాసిస్ నెంబరు కొట్టి అమ్మేవాళ్లుంటారు. పొగ సంగతీ ఉంది. అయితే వాటికి మందు గట్టి తనిఖీ, ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే అన్న హద్దు. అంతేగానీ 50 అన్న ఒక్క అంకె కాదు.

మా మిత్రుడు మాత్రం వేలు మడిచి లెక్క వేశాడు. 2029కి తన ఫియట్‌కు 50 నిండుతాయి, తమిళనాడు నెంబరు పోకుండా ఉంటుంది. అప్పటిదాకా కవరు కప్పి ఉంచుతానన్నాడు. మధ్యలో ఆ 12 నెలల గడువు సంగతి గుర్తుచేశాను. ఇంకో మాట కూడా చెప్పాను: వింటేజ్ అయ్యాక దాన్ని ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు పోయించుకోడానికో, రిపేరుకో తప్ప రోజువారీగా రోడ్డెక్కించకూడదు. తెనాలిలో మేనకోడలి పెళ్లికి ఆ కారులోనే వెళ్లాలని ఆయన కోరిక.