స్టువర్ట్ హైవేపై చీకటి పడ్డాక బండి నడపవద్దు

ఆస్ట్రేలియాలో అడిలైడ్ నుంచి డార్విన్ దాకా స్టువర్ట్ హైవే మీదుగా మోటర్‌హోమ్‌లో (పడక, వంటగది ఉండే పెద్ద బండిలో) వెళ్లేవారి కోసం రాసిన ఒక వ్యాసం చదివాను. అందులోని సూచనలు చాలావరకు ఉపయోగకరమైనవే అయినా, ఎండ తగ్గాక ప్రయాణిస్తే హాయిగా ఉంటుందన్న సలహాతో మాత్రం నేను ఏకీభవించలేను. కంగారూలు మేత కోసం రోడ్డు అంచులకు వచ్చేది ముఖ్యంగా సంధ్యవేళల్లోనే. పైగా అక్కడి విశాలమైన పశుక్షేత్రాలకు చాలాచోట్ల కంచె ఉండదు కనుక ఆవులు కూడా రోడ్డెక్కుతాయి. బరువైన మోటర్‌హోమ్ కారులా చప్పున ఆగదు, జంతువును తప్పించబోయి ఒక్కసారిగా పక్కకు తిప్పితే బోల్తా పడే ప్రమాదం ఉంది. అద్దె సంస్థలు చాలావరకు ఊళ్ల వెలుపల రాత్రి ప్రయాణాన్ని, మట్టిరోడ్లను ఒప్పందంలోనే నిషేధిస్తాయి, కాదని వెళ్తే బీమా వర్తించకపోవచ్చు.

ఈ దారిలోని గ్లెండాంబో అనే చిన్న ఊరు దాటాక కూబర్ పీడీ అనే ఊరు వచ్చేవరకు సుమారు 250 కిలోమీటర్ల మేర బంకు లేదన్న సంగతిని వ్యాసం తప్పక ప్రస్తావించి ఉండాల్సింది, ఎందుకంటే ఎదురుగాలి వీస్తే ఈ ఎత్తయిన బండి డీజిల్ మామూలు కంటే బాగా ఎక్కువ తాగుతుంది. గ్లెండాంబోలోనే ట్యాంకు నింపుకుని, తాగునీరు అవసరానికి మించి పెట్టుకుని వెళ్లాలి. 53.5 మీటర్ల పొడవు వరకు ఉండే రోడ్ ట్రెయిన్ (వెనక పలు ట్రెయిలర్లు తగిలించిన లారీ) ఎదురైతే వేగం తగ్గించి ఎడమ అంచుకు జరగాలి. మన ముందు వెళ్తున్న రోడ్ ట్రెయిన్‌ను దాటాలంటే ఎదురుగా కనీసం కిలోమీటరుకు పైగా రోడ్డు ఖాళీగా కనిపించాలి.