పిన్నికి మైనస్ ఒకటి

(గృహప్రవేశం భోజనాల లెక్క నడుస్తోంది. ల్యాప్‌టాప్ మూయకుండా లేచి వెళ్ళడం రావుగారి మొదటి తప్పు.)

పద్మ: ఏవండీ, మా పిన్ని పేరు పక్కన మైనస్ ఒకటి ఏంటి?

రావు: నలుగురం వస్తామన్నారు కదా, పొద్దున ఫోన్ చేసి కోడలితో కలిపి ఐదుగురం అన్నారు. నలుగురన్న పాత ఎంట్రీకి మైనస్ ఒకటి, అంటే తీసేసినట్టు; ఐదుగురన్న కొత్తదానికి ప్లస్ ఒకటి, అంటే చేర్చినట్టు. కింద చూడు.

పద్మ: కింద సంగతి తర్వాత. పైన మైనస్ పెట్టారా లేదా?

రావు: అందర్నీ మళ్ళీ లెక్కపెట్టకుండా, మారినంతవరకే మొత్తంలో కలిపి తీసేస్తామే. మా అన్నయ్యకీ పెట్టాను.

పద్మ: మీ అన్నయ్యకి పెట్టుకోండి, వడ్డీతో సహా పెట్టుకోండి. మన పెళ్ళికి పట్టుచీర పెట్టిన మనిషికి మైనస్సా?

రావు: ఈ లెక్కలు దాచే డేటాబేస్ ఉందే, పోస్ట్‌గ్రెస్, అది మారినంతవరకే లెక్కకట్టే ఈ పని దానంతటది చెయ్యదు. క్వెరీ, అంటే మనం అడిగే లెక్క, దాని జవాబుని దాచిపెట్టుకునే మెటీరియలైజ్డ్ వ్యూ 2013లో, 9.3 వెర్షన్‌తో వచ్చింది. రిఫ్రెష్ కొడితే క్వెరీ మొత్తం మొదటి నుంచి నడుపుతుంది.

పద్మ: 2013 అంటే మన పెళ్ళైన ఏడు. మీరూ అంతేగా, కొత్తిమీర ఒక్కటి మర్చిపోయారంటే సరుకుల చీటీ మొత్తం మళ్ళీ చదివించుకుంటారు.

(లెక్క ప్రకారం రావుగారిదే కరెక్టు. కానీ ఆ ఇంట్లో కరెక్టుకి మార్కులు వేసిన దాఖలాలు లేవు.)

రావు: తలలు లెక్కపెట్టడం తేలికే. అసలు చిక్కు మొదటి తాంబూలం. వచ్చేవాళ్ళలో పెద్దావిడకి ఇవ్వాలన్నావు. ఆవిడ రానంటే ఆ తర్వాత పెద్దెవరో కావాలి, ఒక్క పెద్ద వయసు గుర్తుపెట్టుకుంటే చాలదు. అందుకే అందరివీ దాచాను.

పద్మ: మా పిన్ని వయసు రాశారా! ఎంతని?

రావు: 72.

పద్మ: ఆవిడ 68 అని చెప్పుకుంటుంది.

రావు: సరే, 72కి మైనస్ ఒకటి, 68కి...

పద్మ: మళ్ళీ మైనస్సే! ఆవిడ మీకేం అన్యాయం చేసిందండీ?

(ఫోన్ మోగింది. పద్మ రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేసింది.)

పద్మ: కోడలికి సెలవు దొరకలేదట. మళ్ళీ నలుగురేనట.

రావు: హమ్మయ్య! ఐదుకి మైనస్, నాలుగుకి ప్లస్. పొద్దున పెట్టినవీ ఇవీ కొట్టేసుకుపోతాయి, సున్నా. మొత్తం కదలనే కదలదు.

పద్మ: అయితే పిన్నికి ఇంక మైనస్ లేదు?

రావు: లేదు తల్లీ.

పద్మ: ఆ మాట ముందే చెప్పొచ్చుగా. జరగండి, ఆ ప్లస్ నేను కొడతాను. మీరు పెసరట్టు తినండి, నెయ్యి వేసే పెట్టాను. మీ అన్నయ్య మైనస్ మాత్రం ముట్టుకోకండి.